టైలరక్క కుడికన్ను

దుర్భిణి కొనడానికి వచ్చినవాడికి అడిగింది అడిగినట్టు తీసి ఇచ్చెయ్యడం మా మామయ్యకి మహా నామోషీ. వచ్చినవాడు ముందు ఆయన ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాలి. ఏం చూస్తావు, కొమ్మల్లో గెంతే చిన్న పిట్టలనా, నీళ్ళ నడుమ తేలే బాతులనా? కళ్ళజోడు ఉందా? మెడనొప్పి ఉందా? పొద్దున్నే లేచే అలవాటుందా, లేక నువ్వు లేచేదాకా పిట్టలే కాచుకుని ఉండాలా? ఈ తతంగమంతా అయ్యాక నిండా నీళ్ళు పోసిన గ్లాసు చేతికిచ్చి, చెయ్యి చాచి నిలబడమంటాడు. నీళ్ళు తొణికాయా, పదింతలు పెద్దగా చూపించే దుర్భిణి ఇక ఆ మనిషికి దక్కదు. "నీ చెయ్యి వణికితే అందులో పిట్టా వణుకుతుంది. నీకు ఎనిమిదింతలది చాలు" అని తేల్చేస్తాడు. అప్పటికే సగంమంది విసుక్కుని వెళ్ళిపోయి ఉంటారు. మిగిలిన సగం ఇక జన్మలో మరో కొట్టు గడప తొక్కరు.

నేను ఆయన అక్క కూతుర్ని. బిల్లులు రాయడం, అద్దాలు తుడవడం, ఆయన నోటిని కాస్త అదుపులో పెట్టడం ఆ కొట్టులో నా పనులు. మూడో పని నా వల్ల కాలేదు. తాళంచెవులు చేసే ఆయన కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మాది. ఇద్దరు ఒకేసారి లోపలికొస్తే మూడోవాడు మెట్టు మీద నిలబడాలి. ముందు గాజు బీరువా, అందులో వరసగా దుర్భిణీలు. వెనక ఒక బల్ల, మెడ వంగే దీపం, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు. మామయ్య పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉంటాడు. ఆ బల్లే ఆయన సంసారం.

ఆయన అసలు ప్రతాపం దుర్భిణిని మనిషి కళ్ళకి కుదర్చడంలో ఉంది. ఏ మనిషికీ రెండు కళ్ళూ ఒక్కలా ఉండవు, ఒకటి కొంచెం చురుకు, ఒకటి కొంచెం మందం. అందుకే ప్రతి దుర్భిణికీ కుడికన్ను ఆన్చేచోట ఒక రింగు ఉంటుంది. మామయ్య కొన్నవాళ్ళని మెట్టు మీదికి తీసుకెళ్ళి, ఎదురుగా పోస్టాఫీసు కప్పు మీద వాలిన పావురాలను చూడమంటాడు. మొదట కుడి గొట్టాన్ని తన అరచేత్తో మూసి, ఎడమకంటికి పావురం స్పష్టంగా కనబడేదాకా మధ్యలోని చక్రం తిప్పిస్తాడు. తర్వాత ఎడమ గొట్టం మూసి, ఆ రింగుని నెమ్మదిగా కదుపుతూ "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడుగుతాడు. "ఆఁ, ఇప్పుడు!" అనగానే ఆపి, అక్కడ తెల్ల నెయిల్ పాలిష్‌తో చుక్క పెడతాడు. రింగు జారిపోయినా చుక్క చూసి మళ్ళీ సర్దుకోవచ్చు. ఆ చుక్క పెట్టాక ఆయన మొహం చూడాలి, ఒక సంబంధం కుదిర్చేసినంత సంబరం.

"నా కొట్టులోంచి వెళ్ళినవాళ్ళెవరూ కనబడటం లేదని తిరిగి రాలేదే" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఆ గొప్పే ఆయన కొంప ముంచింది. ఆయనదైతే పోనీ అనుకుందును.

పక్క వీధిలో టైలరక్క కొట్టు ఉంది. చొక్కాలు, యూనిఫారాలు కుడుతుంది. పేరు ఎవరూ పిలవరు, చిన్నా పెద్దా అందరికీ టైలరక్కే. నేను మాత్రం మామయ్య ఆమెని అక్కా అంటాడు కాబట్టి పెద్దమ్మా అంటాను. వారమంతా మిషను తొక్కి, ఆదివారం పొద్దున్నే ఊరి బయట రిజర్వాయరు గట్టు మీదికి పిట్టల్ని చూడ్డానికి వెళ్తుంది. ఆమె వెంట ఓ చిన్న గుంపు వెళ్తుంది. గట్టు ఎక్కగానే ఆమె మనిషి మారిపోతుంది. "నోళ్ళు కట్టెయ్యండి. పిట్టలు మీ కబుర్లు వినడానికి రాలేదు" అని కసురుతుంది. ఎక్కడో చుక్కలా ఎగిరే పక్షిని రెక్క కొట్టే తీరు చూసి నీటికాకి అంటుంది, మేము దుర్భిణీలు సర్దుకునేలోపు అది నీళ్ళలో మునిగి నీటికాకే అని రుజువు చేస్తుంది.

మామయ్యని పిట్టల్లోకి లాగింది ఆమే. అప్పటిదాకా ఆయన పోస్టాఫీసు పావురాన్ని తప్ప మరో పక్షిని చూసినవాడు కాదు. "బూట్లు అమ్మేవాడు గడప దాటకపోతే ఎలా తమ్ముడూ?" అని ఒక ఆదివారం బలవంతాన బయల్దేరదీసింది. గట్టు మీద లకుముకిపిట్ట నీళ్ళలోకి దూకి చేపతో లేవడం చూసి మా మామయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పిట్టలన్నీ లేచిపోయాయి. ఆమె తిట్టిన తిట్లు ఆయన ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటాడు. ఆ రోజు నుంచి ఆమె మాటంటే ఆయనకి వేదం. ఆయన చేతిమీదుగా వచ్చిన దుర్భిణి అంటే ఆమెకి అంతే గురి.

అలాంటి మనిషి ఒకనాడు మధ్యాహ్నం తన దుర్భిణి మెడలో వేసుకుని కొట్టుకొచ్చింది. అప్పటికి రెండు మూడు రోజుల క్రితమే కొట్టుకి కొత్త స్కోపు ఒకటి వచ్చింది. దుర్భిణి లాంటిదే, కానీ గొట్టం ఒక్కటే. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి ఒంటికంటితో చూడాలి. దుర్భిణి ఎనిమిదింతలు చూపిస్తే ఇది అరవై ఇంతలదాకా చూపిస్తుంది. రిజర్వాయరు అవతలి ఒడ్డున ఉన్న పక్షిని పక్కన కూర్చోబెట్టినట్టే. మామయ్య దాన్ని పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. గుడ్డ కప్పడం, గుడ్డ తియ్యడం, మళ్ళీ కప్పడం.

"తమ్ముడూ, నీ దుర్భిణి నాతో పేచీ పెట్టుకుంది" అంది టైలరక్క కూర్చుంటూ. "కాసేపు చూస్తే తల పగిలిపోతోంది. రెండు బొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టుంది. అసలు ఈ మధ్య నాకు ఎవరితోనూ పడటం లేదులే. సూదికీ దారానికీ కూడా మాటల్లేవు. నేను సూది బెజ్జం ఇక్కడుందంటే దారం అక్కడికెళ్తుంది."

మామయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె చెప్పే తీరు అలాంటిది.

మెట్టు మీదికి తీసుకెళ్ళి మామూలుగానే మొదలుపెట్టాడు. ఎడమకంటికి పావురం చక్కగా కుదిరింది. తర్వాత ఎడమ గొట్టం మూసి రింగు తిప్పడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు?" "ఊహూఁ." "ఇప్పుడు?" "మంచు పట్టినట్టుంది." రింగు చుక్క దాటింది. ఇంకా తిప్పాడు. చివరంటా వెళ్ళి ఆగిపోయింది. అటు కాదని ఇటు తిప్పాడు, ఇటు కూడా చివరంటా వెళ్ళింది. టైలరక్క "ఊహూఁ" అంటూనే ఉంది. బిల్లుబల్ల దగ్గర్నుంచి నాకు మామయ్య వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు కాసేపు కదల్లేదు.

"ఏమైంది తమ్ముడూ? లోపం దీంట్లోనా, నాలోనా?" అని అడిగిందామె.

"మీలో లోపమేంటక్కా! రింగు అరిగిపోయింది. ఎన్నేళ్ళు వాడారు, పాపం దానికి మాత్రం వయసు రాదా?" అన్నాడు మామయ్య. అని, ఊపిరి తీసుకోకుండా "మీకిప్పుడు దుర్భిణి వయసు దాటిపోయింది. మీ స్థాయికి స్కోపు ఉండాలి" అంటూ గుడ్డ తీసి కొత్తదాన్ని మెట్టు మీదికి పట్టుకొచ్చాడు. స్టాండు కాళ్ళు విప్పాడు, ఎత్తు సరిచేశాడు, వంగి పావురాన్ని పట్టి ఆమెని చూడమన్నాడు. ఆమె అలవాటుగా కుడికన్ను ఆన్చబోతే భుజం పట్టుకుని ఆపాడు. "ఎడమది పెట్టండక్కా. మీ ఎడమకన్ను బంగారం."

ఆమె ఎడమకన్ను ఆన్చింది. "అబ్బబ్బ! దాని కంటి చుట్టూ ఎర్రగీత కూడా కనబడుతోంది తమ్ముడూ! ఇన్నాళ్ళూ ఈ సుఖం నా దగ్గర దాచిపెట్టావా?" అని వీధంతటికీ వినబడేలా అరిచింది.

"రెండు కళ్ళ పోట్లాట మనకెందుకు? ఒక్కదాంతో హాయిగా చూసుకోండి" అన్నాడాయన.

పాత దుర్భిణి మా దగ్గరే వదిలేసి, స్కోపు చంకలో పెట్టుకుని వెళ్ళిందామె. వీధి మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు మాకు వినబడుతూనే ఉంది. మామయ్య ఆ మధ్యాహ్నం ఎవరినీ పెద్దగా ప్రశ్నలడగలేదు. ఒకాయన వచ్చి ఇది ఇవ్వండంటే అదే ఇచ్చేశాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఆ తర్వాత గట్టు మీద స్కోపుదే రాజ్యం. కొన్నాళ్ళకి గుంపంతా దుర్భిణీలు మెడలో వేలాడేసుకుని టైలరక్క వెనక వరస కట్టేవారు. కన్ను ఆన్చేచోటు పైకి వంగి ఉండటం వల్ల పొడుగువాడూ పొట్టివాడూ ఒకే ఎత్తులో చూడొచ్చు. నీళ్ళ మీద ఎండకి గాలి అల్లాడుతుంటే ఇంతలు పూర్తిగా పెంచకుండా సగానికి తగ్గిస్తేనే బొమ్మ నిలుస్తుంది. ఈ కిటుకులన్నీ మామయ్య చెప్పగా ఆమె పట్టేసింది. స్టాండు ఎప్పుడూ ఆయనే మోసేవాడు. ఎవరు అడిగినా ఇచ్చేవాడు కాదు. అదేదో మర్యాద అనుకున్నాను అప్పుడు.

ఒక చలికాలం పోయి మరో చలికాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున గట్టు అవతల బాతుల మంద ఒకటి దిగింది. ఈ చుట్టుపక్కల ఎన్నడూ చూడని రకం. తలలు ఎర్రగా ఉన్నాయని ఒకరు, కాదు మట్టిరంగని ఒకరు వాదులాడుకుంటున్నారు. టైలరక్క స్కోపు సరిచేసి కన్ను ఆన్చబోతుండగా గాలికి ఎడమకంట్లో నలక పడింది. నలుపుకుంది, నీళ్ళు కారాయి, కన్ను తెరవలేకపోయింది. అవతల బాతులు ఎగిరిపోతాయేమోనని ఆత్రం. కుడికన్ను ఆన్చింది.

"మూత తియ్యలేదెవరో" అంది చిరాగ్గా. "ఇన్నాళ్ళొచ్చి మీకు మూత తియ్యాలని కూడా తెలీదా?"

మేమంతా నవ్వాం. మూత గొట్టం కింద దారానికి వేలాడుతోంది. గుంపులోని పొడుగాయన "తీసే ఉందక్కా" అన్నాడు.

"ఎక్కడ తీసుంది? చీకటిగా ఉంటేనూ."

 ఆమె తల పైకెత్తింది. ఎడమకంటి మీద అరచెయ్యి పెట్టుకుని మావైపు తిరిగింది. తిరిగి, అలాగే నిలబడిపోయింది. "ఒరేయ్, మీరంతా ఉన్నారా?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. అవతల బాతులు అరుచుకుంటున్నాయి. నేను మామయ్య వైపు చూశాను. ఎవరేమీ అనకముందే ఆయన స్కోపు దించి స్టాండు కాళ్ళు ముడుస్తున్నాడు.

మర్నాడే కళ్ళాసుపత్రికి వెళ్ళాం. మామయ్యే తీసుకెళ్ళాడు, నేను తోడు వెళ్ళాను. యంత్రాల ముందు కూర్చోబెట్టారు, కంట్లోకి గాలి ఊదారు, గోడమీద మినుకుమనే చుక్కలు కనబడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. డాక్టరమ్మ వయసులో చిన్నదే, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. నీటికాసులు. కంటిలోపల ఒత్తిడి పెరిగి నరాన్ని కొంచెం కొంచెంగా చంపేస్తుంది. నొప్పి ఉండదు. ఒక కన్ను పోతుంటే రెండోది దాని పని కూడా తన నెత్తినేసుకుంటుంది కాబట్టి మనిషికి తెలియదు. కుడిది పూర్తిగా పోయింది, తిరిగి రాదు. ఎడమది నడుమ బాగుంది కానీ అంచులు తినేసింది. జీవితాంతం కంట్లో మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది.

"కుడికన్ను మసగ్గా ఉన్నట్టు ఇదివరకు ఎప్పుడూ అనిపించలేదా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. "ఏడాది ముందు వచ్చుంటే అందులో ఉన్న చూపునైనా కాపాడుకునేవాళ్ళం. ఎడమది ఇంత దెబ్బతినేది కాదు."

 మామయ్య ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంచిని రెండు చేతులతో ఎంత గట్టిగా నలిపాడంటే లోపల కళ్ళజోడు పెట్టె పటుక్కుమంది.

ఆ వారమే నేను గాజు బీరువా సర్దుతూ, వెనక అరలో గుడ్డ చుట్టిపెట్టిన ఆమె పాత దుర్భిణి తీశాను. ఎందుకో మెట్టు మీదికెళ్ళి పావురాల్ని చూశాను. కుడి, ఎడమ, రెండూ అద్దంలా ఉన్నాయి. రింగు తిప్పాను. బిగువుగా, మెత్తగా, కొత్తదానిలా తిరిగింది. తెల్లచుక్క దగ్గర ఆపితే కదలకుండా ఆగింది.

"మామయ్యా, ఈ రింగు అరిగిపోలేదు" అన్నాను.

ఆయన బల్ల మీద దీపం వంక చూస్తూ కూర్చున్నాడు. "అరగలేదు" అన్నాడు.

"నీకు ఆ రోజే తెలుసా?"

"రింగు చివరికెళ్ళినప్పుడే తెలిసింది. ఏ కన్నయినా అంతదూరం వెళ్ళదే. రెండువైపులా వెళ్ళినా మంచే అంటే అద్దంతో తీరేది కాదని నాకు తెలీదా? ఎన్ని వందల కళ్ళు చూశాను!"

"మరి చెప్పడానికేం?"

"చెబుదామని నోటిదాకా వచ్చింది. ఇదివరకు ఒకాయనకి ఇలాగే చెబితే, నీ సరుకు బాగోక నా కళ్ళకి వంక పెడతావా అని నలుగురిలో అరిచి పోయాడు. అది గుర్తొచ్చింది. పొరేదో వస్తోందిలే, నెమ్మదిగా ఆవిడే చూపించుకుంటుందిలే అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. చెబితే ఆవిడ మొహం వాడిపోతుంది. పక్కనే కొత్త స్కోపుంది. అది చూపిస్తే వెలిగిపోతుంది. నాకు వెలగడం చూడాలనిపించింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దా చిన్నా చూసుకోకుండా నోటికొచ్చినట్టల్లా అన్నాను. పిట్ట కంటి చుట్టూ గీత చూపించడానికి ఒక మనిషి కన్ను తాకట్టు పెట్టావన్నాను.  చివరికి "వెళ్ళి చెప్పెయ్" అన్నాను. "చెబుతాను" అన్నాడు.

చెప్పడానికి వెళ్ళాడు కూడా. గంట తర్వాత తిరిగొచ్చాడు. "చెప్పావా?" అంటే, "ఒక చొక్కాకి కొలతలిచ్చి వచ్చాను" అన్నాడు. చొక్కా తయారయ్యాక తెచ్చుకోవడానికి వెళ్ళి ఇంకో చొక్కాకి గుడ్డ ఇచ్చి వచ్చాడు. ఆ శీతాకాలం మా మామయ్యకి పెళ్ళికొడుక్కి కూడా లేనన్ని చొక్కాలు తయారయ్యాయి. కొన్ని ఆయన మడత కూడా విప్పలేదు. పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి చుక్కలు వేసుకున్నారా అని అడిగేవాడు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు కొట్టు మూసేసి వెంట వెళ్ళేవాడు. కొట్టుకొచ్చేవాళ్ళకి నీళ్ళ గ్లాసు ఇచ్చేవాడు కాదు, ప్రశ్నలు వేసేవాడు కాదు. కళ్ళు కుదర్చమని నాకు అప్పగించి వెనక్కి వెళ్ళిపోయేవాడు. తిండి సయించక సగమైపోయాడు.

ఇవతల టైలరక్క గట్టు మీద అందరి ముందూ "తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు. వీడు నాకు ఏ జన్మలో రుణపడ్డాడో" అనేది. గుంపంతా మామయ్యని మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు వింటున్నప్పుడు ఆయన్ని చూస్తే, నాకు ఆయన మీద కోపం పోయి జాలి, జాలి పోయి మళ్ళీ కోపం వచ్చేవి.

ఒక సాయంత్రం నేనూ వెంట వెళ్ళాను. నేనుంటేనైనా తప్పించుకోలేడని. టైలరక్క మిషను కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. గుడ్డని ఇదివరకులా కాకుండా మొహానికి దగ్గరగా, కాస్త ఎడమకి తిప్పి పట్టుకుంటోంది. మమ్మల్ని చూసి "మళ్ళీ చొక్కాయేనా? అమ్మాయ్, మీ మామయ్యకి ఎక్కడైనా సంబంధం కుదిరిందా ఏంటి?" అని నవ్వుతూ లేచి టేపు తీసింది. "చేతులు చాపు. నువ్వు చిక్కిపోయావు, పాత కొలతలు పనికిరావు."

మామయ్య చేతులు చాచి నిలబడ్డాడు. ఆమె టేపు ఛాతీ చుట్టూ తిప్పి ముందుకి తెచ్చింది. అప్పుడు, అలా చేతులు బార్లా చాపుకునే, చెప్పేశాడు. "అక్కా, ఆ రోజు రింగు అరగలేదు. మీ కుడికన్ను బాగాలేదని నాకు తెలిసింది. తెలిసే అబద్ధమాడాను. తెలిసే స్కోపు అంటగట్టాను."

ఆమె చేతులు టేపు మీదే ఉన్నాయి. బిగించలేదు, వదల్లేదు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మామయ్య చాచిన చేతులు దించలేదు.

"నేను ఆ రోజు దుర్భిణి బాగుచేయించుకోవడానికి వచ్చాననుకున్నావా?" అంది చివరికి. అరవలేదు. కొలత చదివినంత మామూలుగా అంది. "కన్ను తేడాగా ఉందని నాకు తెలీదా? సూది దగ్గర కూర్చునేదాన్ని. ఆసుపత్రికి వెళ్ళాలంటే భయం. ఏం చెబుతారో, మిషను మానెయ్యమంటారేమో అని. నీకు కళ్ళ సంగతి తెలుసు కదా, నీ దగ్గరికెళ్దాం, నువ్వు 'అక్కా, కన్ను చూపించుకో' అంటే అప్పుడు వెళ్దాం, అనుకుని వచ్చాను. లోపం దీంట్లోనా నాలోనా అని నోరు తెరిచి అడిగాను కూడా."

మామయ్య చాచిన చేతులు నెమ్మదిగా దించాడు.

"రింగు అరిగిపోయిందన్నావు. నాకెంత సంతోషమేసిందో తెలుసా? ఇంటికెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. పిచ్చిదానిలా."

టేపు తీసి మెడలో వేసుకుంది. మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఇందాక వదిలేసిన కుట్టు మళ్ళీ పట్టుకుంది. కొలత రాసుకోలేదు. మేము కాసేపు నిలబడి వచ్చేశాం.   నేను అన్న తిట్లన్నీ కలిపినా ఆమె నవ్వుకుంటూ ఇంటికెళ్ళానన్న మాట ముందు ఎందుకూ కొరగావని నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాతి ఆదివారం మామయ్య గట్టుకి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఫోన్లు మానేశాడు. చుక్కలు వేసుకుందో లేదో నన్ను కనుక్కోమనేవాడు. నేను కనుక్కుని చెబితే తల ఊపి బల్ల దగ్గరికి పోయేవాడు. టైలరక్క ఆయన ఊసెత్తేది కాదు. స్కోపు స్టాండు పొడుగాయన మోస్తున్నాడు, సగం దూరానికే ఆయాసపడుతున్నాడు.

చలి తగ్గి, నీళ్ళ పక్షులు తిరుగు ప్రయాణం కట్టే రోజులొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటి తలుపు దబదబా చప్పుడైంది. టైలరక్క. పక్కన స్టాండు నేలమీద ఆనించి ఉంది.

"మీ మామయ్యని లేపు" అంది నాతో. ఆయన లేచే ఉన్నాడు, గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం తమ్ముడూ, తప్పు చేసినవాడివి నువ్వు, మొహం చాటేసేదీ నువ్వేనా? ఈ స్టాండు ఎవడు మోస్తాడనుకున్నావు?"

ఆయన చొక్కా తొడుక్కుని వచ్చి స్టాండు భుజానికెత్తుకున్నాడు. ముగ్గురం గట్టు వైపు నడిచాం. ఆయన ఆమెకి ఎడమపక్కన నాలుగడుగుల దూరంలో, తల వేలాడేసుకుని నడుస్తున్నాడు. ఆమె ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. ఆగింది.

"క్షమించానని చెప్పడానికి రాలేదు నేను. అది నాకింకా రాలేదు. వస్తే చెబుతాను" అంది. "కానీ పిట్టలు వెళ్ళిపోతున్నాయి, నాకు మిగిలిన ఈ ఒక్క కంటితో వాటిని చూసుకోవాలి. నీ ఏడుపు మొహం కాదు. కుడిపక్కకి రా. అటు నువ్వెలా ఉన్నా నాకు కనబడదు."

మామయ్య వెనకనుంచి చుట్టు తిరిగి ఆమె కుడిపక్కకి వచ్చాడు. ఆమె నడక అందుకుంది. కరెంటు తీగ మీద వాలినవాటిని, నీళ్ళ అంచున నిలబడ్డవాటిని, పేరు పేరునా చెబుతూ నడిచింది. మామయ్య ప్రతి పేరుకీ "ఊఁ" అంటూ పక్కనే నడిచాడు. గట్టు చివరిదాకా ఆయన కళ్ళు కారుతూనే ఉన్నాయి, రెండు చేతులూ స్టాండు మీద ఉండటంతో తుడుచుకోలేదు.